చూస్తున్నవారు: ఇద్దరు

"నా కొడుకుని నేను కాక ఇంకెవరు చూస్తున్నారు?"

ఫోన్ ఎత్తగానే ఆ అరుపుకి బుల్లెమ్మ చెవులు గింగురుమన్నాయి.

బుల్లెమ్మ ఆమె అసలు పేరు కాదు. మనిషి పొట్టి, పని గట్టి అని ఆఫీసులో పెట్టిన ముద్దుపేరు.

వాళ్ళది వీడియో సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. యాప్‌లు తయారుచేసేవాళ్ళు ఆ సాఫ్ట్‌వేర్‌ని తమ యాప్‌లో కలుపుకుంటారు. ఇక వీడియో ప్లే కావడం, రికార్డు కావడం, లైవ్ రావడం అంతా అదే చూసుకుంటుంది.

ఒక ఆస్పత్రి యాప్‌లోనూ అదే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చటి గాజుపెట్టెల్లో ఉంచే వార్డు కోసం చేయించుకున్న యాప్ అది. లోపలికి ఎవర్నీ రానివ్వరు. ఒక్కో పెట్టెకి ఒక్కో కెమెరా. కన్నవాళ్ళు ఫోన్లోనే చూసుకోవాలి.

అరుస్తున్నాయన కొడుకు ఆ వార్డులో ఉన్నాడు. పిల్లాడి తల్లి ఇంకో వార్డులో ఒంటిమీద తెలివి లేకుండా ఉంది. కాబట్టి ఆ వీడియో చూసేది ఆయనొక్కడే.

కానీ తెర మీద 'చూస్తున్నవారు: ఇద్దరు' అని వస్తోంది.

"లెక్క తప్పు చూపిస్తోందేమో సార్."

"తప్పు కాదమ్మా! కాసేపు ఇద్దరంటుంది, మళ్ళీ ఒకరంటుంది. ఎవరో వస్తున్నారు, పోతున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అయితే? నాకు రెండ్రోజులుగా ముద్ద దిగట్లేదు."

ఆ వీడియోని ఎవరు ఎప్పుడెప్పుడు చూశారో ఆ వివరాలు తెరిచింది బుల్లెమ్మ.

మేనేజర్ వచ్చి కుర్చీ వెనకే నిలబడ్డాడు.

"బయటికి పొక్కిందంటే కొంప మునుగుతుంది. తొందరగా తేల్చు."

లెక్క తప్పు కాదు. రెండో మనిషి నిజంగానే ఉన్నారు. రెండు మూడు గంటలకోసారి రావడం, కాసేపు చూడడం, వెళ్ళిపోవడం. రాత్రీ పగలూ అదే వరస.

"కాపు కాస్తున్నట్టే ఉంది సార్."

"రికార్డు చేస్తున్నారా?"

"లేదు. ఊరికే చూస్తున్నారు."

తవ్వగా తవ్వగా విషయం బయటపడింది. ఆ పెట్టెలో ఇదివరకు ఇంకో పిల్లాడు ఉండేవాడు. రెండో మనిషి చూస్తున్నది ఆ పిల్లాడి తల్లికి ఇచ్చిన లింకుతోనే. పిల్లాడు పెట్టె ఖాళీ చేయగానే లింకు రద్దు కావాలి. సాఫ్ట్‌వేర్‌లో లోపం వల్ల కాలేదు.

ఆ తల్లి నంబరు దొరికింది. బుల్లెమ్మ వెంటనే ఫోన్ కలిపింది.

"ఎవరండీ?" నీరసంగా ఉంది గొంతు.

"మీరు వేరేవాళ్ళ బాబు వీడియో చూస్తున్నారు. ఎందుకు?"



"ఊరికే చూడ్డమే అమ్మా. ఇంకేం చెయ్యట్లేదు."

"అదే, ఎందుకని అడుగుతున్నాను."

"అది నేను చెప్పకూడదమ్మా."

మేనేజర్ 'కట్ చెయ్, కట్ చెయ్' అని చేత్తో సైగ చేస్తున్నాడు.

"చెప్పకపోతే ఇప్పుడే ఆపేస్తాను."

"వద్దమ్మా! నీకు పుణ్యముంటుంది. ఆ బాబు కాస్త తేరుకునేదాకా ఉంచు. ఆ తర్వాత నేనే చూడ్డం మానేస్తాను."

"ఆ బాబు సంగతి మీకెందుకండీ? మీ వాడు ఇంటికొచ్చేశాడుగా, వాణ్ణి చూసుకోండి."

అవతల ఊపిరి కూడా వినపడలేదు.

తప్పు చేసినవాళ్ళు నోరెలా పెగల్చగలరు అనుకుంది బుల్లెమ్మ. లింకు పీకేసింది.

తెర మీద 'ఒకరు' అని వచ్చింది.

పిల్లాడి తండ్రి ఫోన్లోనే ఏడ్చేశాడు. "నీ మేలు ఈ జన్మలో మర్చిపోలేను తల్లీ."

మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ పూట బుల్లెమ్మ హాయిగా భోంచేసింది.

తర్వాతి వారం, లోపం సరిచేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి తనే ఆస్పత్రికి వెళ్ళింది.

వార్డు తలుపు దగ్గర ఒకాయన గోడకి చేరగిలబడి ఉన్నాడు. గొంతు వినగానే ఆ తండ్రేనని పోల్చుకుంది. తనెవరో చెప్పింది.

"బాబు ఎలా ఉన్నాడండీ?"

"చిక్కిపోతున్నాడమ్మా. డబ్బా పాలు పడట్లేదు. పట్టింది పట్టినట్టే కక్కేస్తున్నాడు."

"మరి ఇన్నాళ్ళూ?"

"ఎవరో మహాతల్లి తన పాలు పంపేదట. వాటితోనే నిలబడ్డాడు. ఇప్పుడవి ఆగిపోయాయి. ఇంకెవరైనా ఇస్తారేమోనని డాక్టర్లు వెతుకుతున్నారు, దొరకట్లేదు."

అంతలో పెద్ద నర్సు బయటికి వచ్చింది. ఆయన ఆమెకి అడ్డం వెళ్ళి చేతులు జోడించాడు.

"ఆవిడెవరో చెప్పండి సిస్టర్. వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"పేరు చెప్పకూడదండీ, ఆవిడకీ మేమదే చెప్పి ఉంచాం. అయినా కాళ్ళ మీద పడడానికి ఆవిడ ఇవ్వనంటే కదా! ఆవిడకి పాలే ఇంకిపోయాయి."

"నిక్షేపంగా వచ్చే పాలు ఉన్నట్టుండి ఎలా ఇంకిపోతాయి?"

బుల్లెమ్మ కూడా అదే అడుగుదామనుకుంది.

నర్సు ఒక్క క్షణం తటపటాయించి, గొంతు తగ్గించింది.

"ఇందాకే ఫోన్ చేసి కనుక్కున్నాను. పోయిన నెల ఆవిడ బాబు ఈ వార్డులోనే కన్నుమూశాడు, మీ వాణ్ణి ఫోన్లో చూసుకుంటూ ఉంటేనే ఆవిడకి పాలు దిగేవట."