డకోటాకి కండక్టరు

శివరామయ్య నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు.

ముప్ఫై ఒక్కేళ్లు గుడివాడ–బందరు బస్సు నడిపి, ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించని మనిషి. అలాంటివాడు నిన్న మనవరాలు వర్షిణి కంప్యూటర్లోని విమానాల ఆటలో పాతకాలపు డకోటా విమానాన్ని గన్నవరం రన్‌వే మీద దింపుతూ గిర్రున తిప్పేసి రెక్క విరగ్గొట్టాడు. అదీ ఇంటిల్లిపాదీ చూస్తుండగా. సాయంత్రానికల్లా ఆ కబురు టీకొట్టుకి చేరేసింది ఎవరో కాదు, ఆయన బస్సులో ఇరవై ఏళ్లు కండక్టరుగా చేసిన రామబ్రహ్మమే.

“దానికి తోక కింద చిన్న చక్రం ఉంటుంది తాతయ్యా. అందుకే ముక్కు ఆకాశం చూస్తుంది. తోక లేచేదాకా ముందేమీ కనపడదు. కళ్లని కాదు, కాళ్లని నమ్ముకో” అని చెప్పి, పొద్దున్నే విమానాన్ని రన్‌వే మీద నిలబెట్టి కాలేజీకి వెళ్లిపోయింది వర్షిణి.

శివరామయ్య ఆ మాటని అక్షరాలా పట్టుకున్నాడు. బల్లకి బిగించిన స్టీరింగు పట్టుకుని, పెడల్స్ మీద కాళ్లు ఆనించి, కళ్లకి తువ్వాలు కట్టేసుకున్నాడు. కనపడనిదానికి కళ్లెందుకని ఆయన వాదన.

సాక్షిగా రామబ్రహ్మాన్నే పిలిపించాడు. చాటింపు వేసిన నోటితోనే మెచ్చుకోలు చెప్పించాలని పంతం.

“తెర నువ్వు చూడు బావా. నేను కాళ్లతో కానిస్తా. ఈసారీ తిరగబడిందో, ఇక జన్మలో డ్రైవర్నని చెప్పుకోను.”

రామబ్రహ్మం తెర వంక చూశాడు. శివరామయ్య భార్య వెంకాయమ్మ వంక చూశాడు. ఆవిడ లోపలికెళ్లి విసనకర్ర తెచ్చుకుంది.

“రైట్ రైట్” అన్నాడు రామబ్రహ్మం గొంతు చించుకుని. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని శివరామయ్య చెవులు ఎప్పుడో మొద్దుబారాయి.

ఎడమకాలు అన్నాడు. చాలు, కుడి అన్నాడు. శివరామయ్య కాళ్లు పెడల్స్ మీద చకచకా ఆడాయి.

“తోక లేచిందా?”

“లేచింది. పోనియ్.”

గుడివాడ దాటామన్నాడు రామబ్రహ్మం. గుడ్లవల్లేరన్నాడు. పెడన మీద కాస్త మబ్బుందన్నాడు. బందరు చుట్టూ ఒక రౌండు కొట్టించి, వెనక్కి మళ్లించాడు. శివరామయ్యకి చెమటలు ధార కట్టాయి. వెంకాయమ్మ చెయ్యి మార్చి మార్చి విసురుతూనే ఉంది.

అసలు గండం దిగడంలో ఉంది. నిన్న కొంప మునిగింది అక్కడే.

“నేల తగిలింది బావా. కుడికాలు... కొంచెం ఎడమ... తోక దిగింది, వదలకు... హోల్డాన్!”

శివరామయ్య రెండు కాళ్లూ బిగబట్టాడు.

“రెక్క?” అన్నాడు.

“గీత కూడా పడలేదు.”

తువ్వాలు తడిసిపోయింది. రామబ్రహ్మం ఆయన్ని అలాగే భుజాలు పట్టుకుని వరండాలోకి నడిపించి, అక్కడ విప్పాడు కట్టు. వెంకాయమ్మ కంచంలో పెరుగన్నం పెట్టుకొచ్చింది. శివరామయ్య ఆవురావురుమని తిన్నాడు.

ఆయన రెండోసారి అన్నం కలుపుకుంటుండగా, విమానం కదలకముందే పోయిన కరెంటు తిరిగొచ్చింది.