మొదటి పేరా

"ఇదీ కుదరలేదు. మళ్లీ రాసుకురా," అంటూ రేవతి టీచర్ కాగితం వెనక్కిచ్చేసింది.

ఎనిమిదో తరగతి షమా కదల్లేదు. గోడ గడియారం వంక చూసింది. మూడుంబావు.

"ఎట్లా రాయాలో ఇప్పుడే చెప్పండి టీచర్. ఇక్కడే రాసేస్తాను."

రేవతికి విసుగొచ్చింది. నలుగురి మీద ప్రభావం చూపిన మనిషి గురించి, చదివేవాళ్లు ఒప్పుకునేలా పోటీకి వ్యాసం రాయమంటే తక్కిన పిల్లలంతా పాఠాల్లోని గొప్పవాళ్లను పట్టుకున్నారు. ఈ పిల్ల మాత్రం వాకాడు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మిషన్ నడిపే వాళ్ల నాయన సిలార్ గురించి రాసుకొచ్చింది. రాస్తే రాసింది, అందులో ఏముందని?

"'మా నాయన మంచివాడు. కష్టపడి పనిచేస్తాడు.' ఎవరి నాయన గురించైనా ఇట్లాగే రాయొచ్చు కదమ్మా. ముక్కూ మొహం తెలీనివాళ్లు ఒప్పుకోవాలంటే ఆయన చేసిన పని ఒకటి చూపించాలి. ఏం చేసినాడు?"

షమా పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"పోయిన వారం ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైంది టీచర్. ఓనరు ఆపొద్దన్నా వినకుండా నాయన మిషన్ ఆపేసినాడు. లోపలున్న ముప్పై మందినీ బయటికి తోలినాడు. ఐసంతా కరిగిపోయింది. మనుషులకేమీ కాలేదు. వాళ్లందరికీ ఇప్పుడు నాయన మాటంటే మాటే."

రేవతి కుర్చీలో ముందుకు జరిగింది. "ఇంత కథ పెట్టుకుని మంచివాడు, కష్టపడతాడు అని రాస్తావా? ఇదే నీ మొదటి పేరా."

"అది వద్దు టీచర్."

"ఎందుకు వద్దు? ఇది చదివాక కూడా ఒప్పుకోని మనిషి ఉంటాడా?"

షమా ఆమె మొహం వంక, గడియారం వంక చూసింది. తర్వాత తల వంచి రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. బెంచీ కింద కాలు ఊగుతూనే ఉంది. రాసి ఇచ్చింది. రేవతి రెండు తప్పులు దిద్ది, తృప్తిగా నవ్వింది.

"బాగుంది. పోటీకి పంపడానికి సోమవారం దాకా టైముంది. ఇంటికాడ సాపుగా తిరగరాసి తీసుకురా. ఎందుకంత తొందర?"

షమా అప్పటికే కాగితం మడిచి, సంచి భుజాన వేసుకుంది.

"ఇది పోటీకి కాదు టీచర్."

"మరి?"

"ఓనరు పద్మనాభయ్య సారు నాలుగింటికి ఫ్యాక్టరీకొస్తారు, ఆయన చేతికివ్వాలి. మిషన్ ఆపినందుకే నిన్న నాయన్ను పనిలోంచి తీసేసినారు."