కోటు గుండీ

ఊళ్లో సర్కారు బాలబడులు నాలుగు. ఏది మెరుగో, ఏది నాసో వరసగా రాసి ఆఫీసు గోడకు కాగితం అంటించారు.

దర్జీ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మర్నాడే కూతుర్ని చంకనేసుకుని మొదటి బడికి వెళ్లాడు.

అతని బెంగల్లా ఒకటే. ఇంట్లో గలగలలాడే పిల్ల, గడప దాటితే నోరు విప్పదు. ఈ ఏడు బాలబడిలో పడకపోతే వచ్చే ఏడు పెద్దబడిలో ఎలా నెగ్గుకొస్తుంది?

గేటు దగ్గర బారెడు వరస. గోడకు ఆనుకుని పాత కోటు వేసుకున్న పెద్దావిడ. మనవడి కోసం వచ్చిందేమో అనుకున్నాడు. పనివాడి కన్ను కదా, ముందు కోటే చూశాడు. పాతదే గానీ గుండీలన్నీ గట్టిగా ఉన్నాయి.

ఇల్లెక్కడో కనుక్కుని, ఇంత దూరం ఎందుకొచ్చావని ఆవిడ అడిగింది. బస్సుల షెడ్డు పక్కన ఇంకోటి ఉందిగా అంది.

"అదా పెద్దమ్మా? కాగితంలో అట్టడుగున ఉంది. అక్కడ వేసే బదులు నా మిషను కింద కూర్చోబెట్టుకుంటా."

ఆవిడ నవ్వింది.

లోపల బొమ్మలు చూపించారు. కుక్కేది, కోడేది అని అడిగారు. పిల్ల తండ్రి చొక్కా పట్టుకుని నేలచూపులు చూసింది. నోరు విప్పని పిల్లలతో మాకు కష్టం, షెడ్డు పక్క బడివాళ్లయితే ఎవర్నీ కాదనరు అని మర్యాదగానే పంపేశారు.

బయటికొస్తే ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కోటు ముంజేతి గుండీ ఒంటి దారానికి వేలాడుతోంది.

పిల్ల దాన్నే చూసింది. చూసి చూసి ఉండబట్టలేకపోయింది.

"అది ఊడిపోతుంది. మా నాన్న కుట్టేస్తాడు."

దర్జీకి తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. కాలరులోంచి సూది తీసి అక్కడే చతికిలబడ్డాడు. దారం చీకిపోయింది కాదు, అప్పుడే తెంపినట్టుంది. పిల్ల ఒకటి, రెండు అని కుట్లు లెక్కపెడుతూ, మధ్యలో ఇంటి సంగతులన్నీ ఆవిడకు ఏకరువు పెట్టింది.

మర్నాడు గత్యంతరం లేక షెడ్డు పక్క బడికి వెళ్లాడు. చెక్క దిమ్మలు పేరుస్తున్నవాళ్లలో అరడజను మంది, నిన్న మొదటి బడి గేటులోంచి ఏడుస్తూ వెనక్కొచ్చిన పిల్లలే. కూతురు అతని చెయ్యి విడిపించుకుని వాళ్లలో కలిసిపోయింది.

టీచరమ్మ ఎవరా అని అతను చూస్తుంటే, నిన్న తాను గుండీ కుట్టిన కోటే హాజరుపట్టీ పట్టుకుని ఎదురొచ్చి, "ఏం నాయనా, మిషను కింద చోటు చాల్లేదా?" అంది.