నూరేండ్ల రక్తం

వీరభద్ర తన్నిన తన్నుకు పెద్ద ఈరన్న మంచం మీంచి కిందపడ్డాడు. ఎనభై రెండేళ్ల మనిషి, అయినా ఎముక విరగలేదు. లేవబోతుంటే వేటకొడవలి పిడితో మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు రాలిపడ్డాయి. మిట్టమధ్యాహ్నం, టమాటా తోటలో రేకుల షెడ్డు. పిలిస్తే పలికే దిక్కు లేదు.

ఎందుకొచ్చాడో ముసలాయనకు చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ల కిందట వీరభద్ర తండ్రిని కోడుమూరు దోవలో నరికించింది ఈయనే. ఇప్పుడు మాత్రం ఎండిన కట్టెనని, నేడో రేపో తనంతట తానే పోతానని, చంపి పాపం కట్టుకోవద్దని ఏడ్చాడు.

ఎంత అబద్ధం! పోయిన నెలలోనే హైదరాబాదు నుంచి పరిశోధన వాళ్లు వచ్చి ఆయన రక్తం తీసుకుపోయారు. తండ్రి నూటమూడేళ్లు, తాత నూటొక్కటి బతికిన వంశం కదా, ఆయుష్షు జన్యువుల్లోనే ఉన్నట్టుందని, ఇంకో ఇరవై ఏళ్లు బతకొచ్చని చెప్పారు. ఇక ఆయన నోటికి పట్టపగ్గాల్లేవు. వీరభద్ర వంశంలో నలభై దాటినోడు లేడని, వాడి పాడె కూడా తనే మోస్తానని టీ అంగడిలో కూర్చుని ఊరంతా వినేలా చెప్పుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

"నూరేండ్లు బతికే రక్తమంట కదా, పెద్దాయనా," అన్నాడు వీరభద్ర, కొడవలి మెడ మీద ఆనించి.

దాంతో తన ప్రాణం మీద ఆశ వదులుకున్నాడు ఈరన్న. ఇక భయమంతా కొడుకుల గురించే. గోపన్న, శ్రీనివాసులు తెల్లారగానే టమాటాలు వేసుకుని పత్తికొండ మార్కెట్టుకు పోయారు. తిరిగొచ్చే వేళయింది. వాళ్లు ఇప్పుడే వచ్చి వీడి కంటబడితే? నెత్తురు ఉమ్మి, తనే తల వంచి మెడ చూపించాడు.

"నరుకప్పా. మీ నాయన్ని నరకమని చెప్పింది నేనే. నా కొడుకులకు ఏమీ తెల్దు. పగ నాతోనే పోనీ. వాండ్ల జోలికి మాత్రం పోవద్దు."

కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ వేటు పడలేదు. తెరిచి చూస్తే, వీరభద్ర కొడవలి చంకన పెట్టుకుని బయటికి నడుస్తున్నాడు. ముసలాయనకు నమ్మకం కుదరలేదు. తన కొడుకుల కంటే చిన్నవాడికి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

వీరభద్ర వాకిట్లో ఆగాడు.

"బతుకు, పెద్దాయనా. నూరేండ్లు బతుకు. నీ కొడుకులిద్దర్నీ పత్తికొండ దోవలో నరికినాకనే ఈడికి వచ్చినా."