వెనక అట్ట మీద పేరు

పద్మలత మేడ మీది తలుపుకు తాళం వేసింది. తాళంచెవి బొడ్డున దోపుకుంది. డ్రాయింగ్ పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని అల్మాస్‌గూడ కమాన్ దగ్గర ఆటో ఎక్కింది.

“దిల్‌సుఖ్‌నగర్. జర జల్ది పోనియ్ అన్నా.”

పొద్దున కూతురి పరుపు దులుపుతుంటే దొరికిందా పుస్తకం. మృదుల పేరు వెనక అట్ట మీద రాసుంది. లోపల ఒక్క మాట లేదు. అన్నీ గళ్లు, గళ్లలో బొమ్మలు.

మొదటి పేజీలో సొట్టపోయిన స్టీలు కంచం. తల్లి ముద్ద పెడుతోంది, కూతురు తింటోంది. ఆ కంచం పద్మలతకు తెలుసు. ఆ ముద్దా తెలుసు. సోమవారం సాయంత్రం మేడ మీది బట్టలు తెమ్మంటే, మృదుల ఉత్త చేతులతో వచ్చి “ముద్ద పెట్టవా అమ్మా” అంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. పద్మలత మురిసిపోయి పెట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులు పిల్ల తలుపేసుకుని ఏదో రాసుకుంటూనే ఉంది. చదువుకుంటోందనుకుంది.

రెండో పేజీలో గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు. ఆ తర్వాత మెట్ల మీద వట్టి కాళ్లు. ఆ తర్వాత గాలిలో చింపిన పేపర్ ముక్కలు. ఒక ముక్క మీద ఎర్ర సిరాతో మార్కులు.

చివరి పేజీలో ఒకటే పెద్ద గడి. పిట్టగోడ. దాని మీద రెండు పాదాలు. నాలుగంతస్తుల కింద అగ్గిపెట్టెలంత ఆటోలు.

కంచం సంగతి సోమవారమే జరిగిపోయింది. మిగిలిన పేజీలే ఇంకా జరగలేదు.

మృదుల చదివే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు పద్మలత ఫోన్ చేసింది. “టెస్ట్ రాస్తుందమ్మా, ఒంటిగంటకు వదుల్తం” అన్నారు. పిల్లనే అడుగుదామంటే భయం. అడిగితే ఏం చేసుకుంటుందో.

పుస్తకంలోంచి ఒక కరపత్రం జారిపడింది. ‘కొత్తవాళ్లకు జపాన్ మాంగా పద్ధతిలో బొమ్మల కథలు గీయడం నేర్పబడును. ప్రతి ఆదివారం.’ కింద వినయ్ అని పేరు, అడ్రసు. స్పెషల్ క్లాసులని చెప్పి పోయేది ఇక్కడికన్నమాట.

మెట్రో స్టేషన్ పక్క సందులో, జిరాక్స్ షాపు మీది గది. వినయ్‌కు ముప్పై ఏళ్లుంటాయి. ఒక్కడే కూర్చుని పెన్సిళ్లు చెక్కుకుంటున్నాడు.

“నా బిడ్డకు ఏం నేర్పిన్రు సార్ మీరు?” పద్మలత పుస్తకాన్ని బల్ల మీద కొట్టింది.

అతను తీసుకుని గబగబా పేజీలు తిప్పాడు. ముఖం వెలిగింది.

“మృదుల గీసిందాండీ? ముఖం గడిగడికీ మారిపోతోంది. కొత్తవాళ్లందరికీ అదే బాధ. చేతులు ఇంకా ప్రాక్టీస్ చెయ్యాలి. కానీ ఒక్క డైలాగ్ లేకుండా ఎంత చక్కగా నడిపిందో చూశారా! ముగింపైతే చాలా బాగుందండీ.”

“బాగున్నదా?” పద్మలత గొంతు లేచింది. కింద జిరాక్స్ మిషన్ ఆగిపోయింది. “నీకు పిల్లలున్నరా? పిట్టగోడ మీద నా బిడ్డ కాళ్లు... గది బాగున్నదా నీకు?”

అతను తెల్లబోయాడు.

“మొదటి కథకు మీకు జరిగిందే గీయండి అంటానండీ నేను. అందరికీ అదే చెబుతాను.”

“జరగలే సార్! జరగొద్దనే ఉరికొచ్చిన. పన్నెండున్నర అయితుంది. ఒంటిగంటకు వదుల్తరు. మా మేడకైతే తాళమేసిన. గీ దిల్‌సుఖ్‌నగర్‌ల ఎన్ని మేడలకు తాళాలెయ్యాలె నేను?”

వినయ్ కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాడు. మంచినీళ్ల సీసా ముందు పెట్టాడు. పుస్తకాన్ని ఒకసారి చూశాడు, ఆమె ముఖం ఒకసారి చూశాడు. నెమ్మదిగా దాన్ని బోర్లా తిప్పి, మృదుల పేరున్న అట్ట పైకి వచ్చేలా ఆమె చేతిలో పెట్టాడు.

“జపాన్ వాళ్ల కథ మనకు వెనకదైన ఈ అట్ట నుంచి మొదలవుతుందమ్మా, మీ అమ్మాయి గోడ దిగింది, పేపర్ చింపేసింది, మెట్లు దిగి మీ కంచం దగ్గరికి వచ్చేసింది.”