చిన్న జేబు

"ఆ జీన్సు నిన్నెవరు నానబెట్టమన్నారు?"

భర్త గొంతు విని ఆమె బకెట్ ముందు నుంచి తలెత్తింది. మోచేతుల దాకా నురగ.

"ఎవరూ అనలేదు. మూడు వారాలుగా తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. నిలబెడితే తనంతట తానే ఆఫీసుకు వెళ్ళిపోయేట్టుంది."

అతను నవ్వలేదు. "జేబులు చూశావా?"

"నాలుగూ చూశాను. ఒక బస్సు టికెట్టు, రెండు చాక్లెట్ కాగితాలు. గిన్నెలో వేశాను."

ఆ ఇంట్లో అదొక చట్టం. ఎవరి బట్టల్లో ఏం దొరికినా కిటికీ గట్టు మీది సత్తుగిన్నెలో వెయ్యాలి. పెళ్ళయి ఇంకా నాలుగు నెలలు నిండలేదు, ఇంటిల్లిపాది బట్టలూ ఆమె చేతికొచ్చాయి. మామగారి కాపలా ఉద్యోగపు ఖాకీలు, ఆడపడుచు వేసుకునే తెల్లటి నర్సు కోట్లు, అత్తగారి చీరలు, భర్త చొక్కాలు. ఏ చొక్కాకు ఏ గుండీ వదులైందో ఆమెకు కంఠతా వచ్చు. వేళ్ళ చివర్లు సబ్బుకు ఒలిచిపోయాయి గానీ, తడి బట్ట మీద ఇస్త్రీపెట్టె చుయ్యిమన్నప్పుడు లేచే ఆవిరి వాసన పీలిస్తే అదేదీ గుర్తుండేది కాదు.

అతను బకెట్లో చెయ్యి పెట్టాడు. జీన్సు కుడి జేబు లోపల మరో చిన్న జేబు ఉంది. అందులోకి రెండు వేళ్ళు దూర్చి లాగాడు. మడతల మీద మడతలు పెట్టిన కాగితం ఒకటి నానిన ఉండలా బయటికొచ్చింది.

జేబులో జేబు. అది ఆమె లెక్కలోనే లేదు.

అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏమిట్రా అది? ఆఫీసు కాగితమా? చూసుకోవద్దుటమ్మాయ్? చదువుకున్నదానివి."

"ఏం కాదులేమ్మా. పాత రసీదు." అతను ఆ ఉండను చెత్తబుట్టలో పడేశాడు. గట్టిగా గాలి పీల్చి వదిలి, భార్య వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "పోనీలే. నువ్వేమన్నా కావాలని చేశావా?"

అతను ఆఫీసుకు వెళ్ళాక అత్తగారు అంది. "వాడు కాబట్టి సరిపోయింది. అదే మీ మామగారైతే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేవారు."

"అవునత్తయ్యా," అంది ఆమె, కళ్ళు దించుకుని.

"అవునూ, ఆ నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం సంగతేమైంది?"

"ఇంకా పిలుపు రాలేదు."

"రాకపోతే మానె. ఇక్కడ రోజూ నాలుగు బకెట్లు పరీక్ష చేస్తూనే ఉన్నావు."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు ముందు ఆగిపోయింది. ఉన్నది ఒకటే పోస్టు. దాని కోసం రెండేళ్ళు చదివింది. ఆ పుస్తకాలున్న అట్టపెట్టె మీదే ఇప్పుడు దుప్పటి మడతేసి ఇస్త్రీ చేస్తోంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. రోజూ సాయంత్రం అతను కింద మెట్ల దగ్గరున్న ఉత్తరాల డబ్బా తాళం తీసి చూసి, పైకొచ్చి తల అడ్డంగా ఊపేవాడు. అప్పుడు ఆమె మొహం కన్నా అతని మొహమే ఎక్కువ వాడిపోయేది.

మధ్యాహ్నం ఆమె ఇస్త్రీకి దుప్పట్లు ముందేసుకుంది. పోయిన గురువారం ఉతికినవి. ఆ రోజు తలచుకుంటే చాలు, పెదవులు వాటంతటవే విచ్చుకునేవి. అతను ఉన్నట్టుండి సెలవు పెట్టాడు. "ఇవాళ ఇంట్లో ఉన్న దుప్పట్లూ తెరలూ అన్నీ ఉతికేద్దామోయ్. నేనూ పడతా ఓ చెయ్యి," అన్నాడు. డాబా మీద ఒక కొస అతను, ఒక కొస ఆమె పట్టుకుని చెరోవైపూ మెలిపెట్టారు. నీళ్ళు మొహాన చిమ్మితే నవ్వలేక ఆమె కింద కూలబడింది. ఆడపడుచు పైకొచ్చి, "అన్నయ్య బట్టలు పిండుతున్నాడు, వాన ముంచుకొస్తుంది, ఆరేసినవి తీసెయ్యండి," అని ఎగతాళి చేసింది. సాయంత్రం దాకా అతను ఆమెను వదిలిపెట్టలేదు. పెళ్ళయ్యాక అంత మంచి రోజు ఇంకోటి లేదు.

అలాంటి మనిషి కాగితం పాడుచేశాను, అనుకుంది. లేచి వెళ్ళి చెత్తబుట్టలోంచి ఉండ తీసింది.

దాన్ని పూరేకుల్లా విప్పి, రెండు చేతిరుమాళ్ళ మధ్య పరిచి, ఇస్త్రీపెట్టె వేడి తగ్గించి కింది నుంచి అద్దడం మొదలుపెట్టింది. సాయంత్రం అతను రాగానే, రసీదయ్యగారూ, ఇదిగోండి మీ ఆస్తి అని చేతిలో పెట్టాలి.

అచ్చు అక్షరాలు, చెదరలేదు. కింది మడతలో, 'అసలు సర్టిఫికెట్లతో హాజరు కావలెను' అని ఉంది.

రసీదు కాదు. ఇంటర్వ్యూ పిలుపు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వేరే ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాడన్నమాట.

మధ్య మడత ఆరింది. ఉదయం పది గంటలకు. గురువారం. తేదీ చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ గురువారమే.

ఇంటర్వ్యూ వదులుకుని, తనతో కలిసి దుప్పట్లు పిండాడు. పిచ్చి మనిషి. ఇలా ఎవరైనా చేస్తారా? ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. సాయంత్రం రానీ, చెప్తాను. ముందు తిట్టాలి, తర్వాత ఆ వేళ్ళు పట్టుకుని కూర్చోవాలి.

పై మడత అతుక్కుపోయి ఉంది. గోటితో కొద్దికొద్దిగా విడదీసి, రుమాలు కప్పి, ఒక్కసారి అద్ది ఎత్తింది. ఆవిరి పోయాక పేరు తేలింది.

ఆ పేరు ఆమెది.