తుపాకీ మరిచిపోలేదు

వేసవి వస్తే ఊళ్లు మూసేసి జనమంతా అడవికి పోయే రోజులొచ్చాక, అడవి సరుకులు అమ్మి, తుపాకులు అద్దెకిచ్చే కొట్టు పెళ్లిబట్టల కొట్టులా కిటకిటలాడుతోంది. ఉప్పు, అగ్గిపెట్టెలు, దోమతెర మాణిక్యం ఏరుతుంటే, ఆమె మొగుడు నూకరాజు దర్జాగా ఓ తుపాకీ అందుకున్నాడు.

"మళ్లీ మీరేనా, నూకరాజుగారూ?" అంది తుపాకీ. "పోయినేడు దుప్పి అనుకుని గూడెం అవ్వ మేకను కాల్చారు కదా. అవ్వ దాన్ని పేరుపెట్టి పిలుస్తూ మూడు రోజులు తిరిగింది. మీ గుడిసెలోంచి మీరూ విన్నారు, నేనూ విన్నాను."

నూకరాజు చెవులు కాలిపోయాయి. ఆ మాంసం దుప్పిదని చెప్పి పెళ్లాం చేతే వండించాడు.

మాణిక్యం తుపాకీ లాక్కుని కొట్టువాడికిచ్చేసింది. "బాబూ, మెడకు కట్టే గంట ఉందా?"

"మేకకా అమ్మా?"

"కాదు. ఈయన వస్తున్నాడని మేకలకి తెలియాలిగా!"

నూకరాజు గంట కట్టడానికి వీలుగా తల వంచాడు.